చెడిపోని సైలెన్సర్

రెనిక్ షెడ్డు, టాలివర్ కౌంటీ
గురువారం పొద్దున

చిరంజీవి గేలన్‌ను దీవించి అమ్మ రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఉత్తరం మొదట్లో ఆ ముక్క లేకపోతే చదివేవాళ్ళు కంగారుపడతారని రాశాను, అంతకుమించి అందులో ఏమీ వెతక్కు. నువ్వూ, కోడలు షెరిలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. కాన్సాస్ సిటీలో ఇంకా ఎండలు మండుతున్నాయని రాశావు. ఇక్కడ కొండల్లో చలి మొదలైంది. పెరట్లో వాల్‌నట్ చెట్టు అప్పుడే ఆకు రాలుస్తోంది. ఊడవడానికి మీ నాన్న లేవలేరు, నాకు ఓపిక లేదు, అందుకని ఎక్కడివక్కడే ఉన్నాయి.

నీ ఉత్తరం సోమవారం అందింది. టైపు చేసిన ఉత్తరం. అడుగున నీ సంతకం కింద, దాన్ని టైపు చేసిన అమ్మాయి పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. కన్నతల్లికి రాసే నాలుగు ముక్కలు కూడా ఇంకొకరికి చెప్పి రాయించే స్థితికి వచ్చావన్నమాట. నాకు చురుక్కుమంది. మీ నాన్నకేమో అది గొప్పగా ఉంది. కాగితం పైన లాయరని అచ్చువేసిన నీ పేరు మీద వేలు పెట్టి రుద్ది, "ఉబ్బెత్తు అక్షరాలే, చూశావా?" అని నాకు చూపించారు. ఆ కాగితం ఇప్పుడు ఆయన కుర్చీ పక్కన బైబిలులో ఉంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. నాన్న కాలు సంగతి: కుట్లు మానాయి. మోకాలి కింద ఇంకా ఎర్రగానే ఉంది గాని చీము లేదు. పెట్టుడు కాలుకి కొలతలు తీసుకోవడానికి వచ్చే నెల స్ప్రింగ్‌ఫీల్డ్ రమ్మన్నారు. చంక కర్రల మీద వంటింట్లోంచి వరండా దాకా వస్తున్నారు. లేని పాదం దురద పెడుతోందంటారు. ఎక్కడ గోకమంటారో నాకు అర్థం కాదు.

తిండికి లోటు లేదు. చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని గిన్నెలు తెస్తున్నారు. అన్నిట్లోనూ అదే కోడిమాంసం, అవే నూడుల్స్, పైన అదే చీజు. మీ నాన్నకి ఉడకబెట్టిన బీన్సూ మొక్కజొన్న రొట్టే ఉంటే చాలు. ఆ గిన్నెలు కడిగి, ఏ గిన్నె అడుగున ఎవరి పేరు అంటించి ఉందో చూసి, ఎవరివి వాళ్ళకి పంపడం నాకో ఉద్యోగమైంది. షెరిల్‌కి చెప్పు, పచ్చి టమాటా ఊరగాయలో వెనిగర్ తగ్గించి పోయమని. పోయినసారి ఎక్కువై ముక్కలు నీరుగారిపోయాయి.

కేసు ఎవరు చూస్తున్నారు, నువ్వు రావాలా అక్కర్లేదా అని అడిగావు. దానికి చివర్లో రాస్తాను.

నాన్న బండ్లు బాగుచేసే షెడ్డు అమ్ముతున్నారని రోస్కో మామ చెబితే నమ్మలేకపోయానన్నావు. కాలు పోయినంత మాత్రాన పని మానెయ్యక్కర్లేదు, ఒక మనిషిని పెట్టుకుని, తను స్టూలు మీద కూర్చుని చెప్పి చేయించుకోవచ్చు కదా అన్నావు. సలహా బాగానే ఉంది, నేనూ అదే చెప్పాను. కాని నాయనా, మీ నాన్న షెడ్డు అమ్ముతున్నది కాలు కోసం కాదు. చెవుల కోసం.

ఆయన చెవుల సంగతి నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు అన్నాల బల్ల దగ్గర నువ్వూ ఆయనా ఆడుకునేవాళ్ళు. రోడ్డు మీద ఏదో బండి పోయేది. ఆయన తల ఎత్తకుండానే, "మెకార్డుల పాత ఫోర్డు. ఒక సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు" అనేవారు. నువ్వు చేతిలో రొట్టె ముక్క పట్టుకునే కిటికీ దగ్గరికి పరుగెత్తి, "ఫోర్డే నాన్నా, ఫోర్డే!" అని అరిచేవాడివి. ఆయన ఓడిపోగా నేను చూడలేదు.

ఆయన రోడ్డు దాటేటప్పుడు కూడా అంతే. అటూ ఇటూ చూడరు, వింటారు. నలభై ఏళ్ళుగా షెడ్డు ముందునుంచి అవతలి టపా డబ్బా దాకా అలాగే దాటారు. జూన్‌లో ఆ సాయంత్రం కూడా షెడ్డు తలుపు వేసి, రోడ్డు పక్కన నిలబడి విన్నారు. ఏమీ వినబడలేదు, నడిచారు. ట్రాయ్ హ్యాస్కెట్ పికప్ బండి మిట్ట దిగి వచ్చి ఆయన మీద పడింది. ఆసుపత్రిలో తెలివి రాగానే ఆయన అన్న మొదటి మాట "బండి చప్పుడు రాలేదే" అని. అది నువ్వూ విన్నావు, పక్కనే ఉన్నావు.

కొత్త బండి, మెత్తగా నడుస్తుంది, వేగంగా వస్తే చప్పుడు కన్నా బండే ముందొస్తుందని మనం సర్దిచెప్పాం. ఆయనా సమాధానపడ్డారు. పోయిన నెలలో ప్రాసిక్యూటరు ప్రూయెట్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేదాకా అంతా బాగానే ఉంది. దాని సారాంశం నీకూ రాశాను కదా. హ్యాస్కెట్ మీద ఇదివరకు వేగంగా నడిపిన కేసు ఒక్కటీ లేదట. సైలెన్సర్ చెడిపోయినందుకు పడిన చిన్న చలానాలు మాత్రం కొన్ని ఉన్నాయట, ఆఖరిది ఈ మే నెలలోనట. మనిషి మంచివాడే కాబట్టి తేలికైన శిక్షతో సరిపెట్టాలని అనుకుంటున్నారట.

శిక్ష సంగతి మీ నాన్న పట్టించుకోలేదు. సైలెన్సర్ దగ్గర ఆగిపోయారు.

"మే నెలలో వాడి సైలెన్సర్ చెడిపోయిందా?" అన్నారు.

"బాగు చేయించుకుని ఉంటాడులే" అన్నాను.

"ఎక్కడ చేయిస్తాడే? ఈ కౌంటీలో ఆ పని చేసేది నేనొక్కణ్ణే. నా దగ్గరికి రాలేదు. ఇన్నిసార్లు పట్టుకున్నా బాగుచేయించలేదంటే వాడికి లెక్కే లేదన్నమాట." ఉత్తరం మడిచేసి, "వెల్డా, సైలెన్సర్ పోయిన బండి అరమైలు అవతల నుంచి వినబడుతుంది. కిటికీ అద్దాలు అదురుతాయి. కుక్కలు మొరుగుతాయి. అంత చప్పుడు చేసుకుంటూ నా మీదికి వచ్చింది, నాకు వినబడలేదు. నా చెవులు పోయాయి, అంతే" అన్నారు.

ఆ రోజు నుంచి అదే పాట. వరండాలో కళ్ళు మూసుకుని కూర్చుంటారు, పోయే బండ్ల పేర్లు చెబుతారు, నన్ను చూడమంటారు. అన్నీ ఒప్పులే. ఒప్పని చెబితే నమ్మరు. "నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అంటున్నావు" అంటారు. చెవి సరిగ్గా లేనివాడు ఇంజన్ మీద చెయ్యి వేస్తే ఎవరి ప్రాణాలకో ముప్పట. రోలిన్స్‌బర్గ్ నుంచి ఒకతను వచ్చి లిఫ్టూ, వెల్డింగు సెట్టూ, పానాలూ అన్నీ చూసి వెళ్ళాడు. వచ్చే వారం శనివారం లారీ తెచ్చి పట్టుకెళ్తాడు.

అతను వచ్చి వెళ్ళిన మర్నాడు మీ నాన్న నన్ను పిలిచారు. చాలాసేపు ఆలోచించుకున్న మాటలా చెప్పారు.

"కోర్టు క్లర్కు దగ్గర చలానాల కాగితాలు ఉంటాయి. ఎవరు అడిగినా చూపిస్తారు. వెళ్ళి కనుక్కో. సైలెన్సర్‌కి చిల్లు పడిందా, గొట్టం ఊడిందా, లేకపోతే అసలు సైలెన్సరే కోసి పారేశాడా? చిన్న చిల్లయితే పెద్ద చప్పుడు రాదు. చిన్న చిల్లయితే నాకు వినబడకపోవడంలో వింత లేదు. ఆ ఒక్క ముక్కా తెలుసుకునిరా, చాలు."

ఆయన మొహంలో ఆశ చూస్తే కాదనలేకపోయాను. చర్చికి వేసుకునే గౌను వేసుకుని వెళ్ళాను.

ముందు కౌంటీ క్లర్కు గదికి వెళ్ళాను. అక్కడ ఒక చిన్నమ్మాయి గోళ్ళు చూసుకుంటూ, "ఇక్కడ పన్నులూ ఓట్లే అమ్మమ్మా. చలానాలైతే ఎదురు గది, సర్క్యూట్ క్లర్కు. అందరూ ఇక్కడికే వచ్చి పడతారు" అంది. ఎదురు గదిలో కౌంటరు వెనకాల మావిస్ టటిల్ ఉంది. మన చర్చిలో పియానో వాయిస్తుంది, నీకు గుర్తుండే ఉంటుంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"అక్కా! ఎలా ఉన్నాడు బావ? నా గిన్నె అందిందా?"

అందిందన్నాను, బాగుందన్నాను. వచ్చిన పని చెప్పాను. పేరు, పుట్టిన తేదీ, పట్టుకున్నది హైవే పోలీసులా షెరీఫ్ మనుషులా అని అడిగింది. ఊరి పోలీసులైతే ఆ కాగితం తన దగ్గర ఉండదట, ఊరి కోర్టులో వెతుక్కోవాలట. నాకు పేరొక్కటే తెలుసు. పుట్టిన తేదీ మావిస్సే పూరించుకుంది, వాడు వాళ్ళ చెల్లెలితో చదివాడట. కంప్యూటరులో ఆకుపచ్చ అక్షరాలు చూసి నంబర్లు రాసుకుని, లోపలికి వెళ్ళి పలచటి ఫైళ్ళు కొన్ని తెచ్చింది.

"ఇవిగో, అన్నీ దొరికాయి. ఏం కావాలి నీకు? నకళ్ళు తీయనా?"

"నకళ్ళు వద్దు. ఏ మాదిరి లోపమో చెప్పు చాలు. చిల్లా, గొట్టం ఊడిందా?"

మావిస్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఏంటి అక్కా?"

"సైలెన్సర్‌కి. మీ బావ డెల్బర్ట్ కనుక్కోమన్నారు."

దానికి నవ్వు ఆగలేదు. పాపం, ఎగతాళికి కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. "అయ్యో అక్కా, నిజంగానే అడుగుతున్నావా? దానికేమవుతుంది? అది షోరూములోంచి దిగిన బండి. సైలెన్సర్ నిక్షేపంలా ఉంది."

"మరి చెడిపోయిందని రాశారుగా?"

"రాశారంతే. పట్టుకున్నది వేగానికే, అన్నిసార్లూ వేగానికే. లాయరు వచ్చి ప్రూయెట్‌తో మాట్లాడుకుంటాడు. వేగం అన్న మాట కొట్టేసి సైలెన్సర్ అని రాసుకుంటారు. సైలెన్సర్‌కైతే లైసెన్సు మీద తప్పుల పాయింట్లు పడవు, ఇన్సూరెన్సు పెరగదు. జరిమానా నాలుగు డాలర్లు ఎక్కువైతే నోరు మూసుకుని కడతారు, కోర్టుకీ బాగే. ఈ అరల్లో చూశావా, ఈ కౌంటీ మొత్తం మీద బాగున్న సైలెన్సర్ ఒక్కటి దొరకదు! అందరూ చేసేదే అక్కా. ఎవరికీ నష్టం లేదు."

ఆ మాట అనేశాక నా మొహం చూసింది. దాని నవ్వు ఆగిపోయింది. ఎవరి భార్యతో మాట్లాడుతోందో అప్పుడు గుర్తొచ్చింది.

తప్పు మాట అన్నవాళ్ళు దాన్ని కప్పేయాలని ఇంకో మాట అంటారు చూడు. మావిస్ కూడా అదే చేసింది. "అయినా నీకు తెలియనిదేముంది అక్కా? మీ గేలన్ చేసే పనే కదా ఇది. వారం వారం వాడి ఆఫీసు నుంచి కట్టలు వస్తాయి. వాడంత చకచకా కానిచ్చేవాడు మూడు కౌంటీల్లో లేడని ప్రూయెట్టే అంటాడు. క్రిస్మస్‌కి మాకందరికీ పీకాన్ పప్పుల కేకులు పంపిస్తాడు, పేరు పేరునా. మనూరి పిల్లాడు ఎంత ఎదిగాడో అని మేం అనుకోని రోజుండదు. ఈ మే నెలది కూడా..."

అక్కడ ఆగింది. పై ఫైలులో కాగితం అడుగున, లాయరు సంతకం పెట్టే చోట, వేలు అడ్డం పెట్టింది. చదవక్కర్లేకపోయింది. ఆ వేలు పెట్టిన తీరే చెప్పింది.

నేను ముందే తెలిసినదానిలా తల ఊపాను. నీ పరువు కోసం కాదు, నా పరువు కోసం. ఒక్క ప్రశ్న అడిగాను. "మే నెలలో దాన్ని వేగమనే రాసి ఉంటే ఏమయ్యేది మావిస్?"

అది ఫైళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి సర్దింది. "లైసెన్సు పోయేది అక్కా. అంతకుముందువీ ఇదీ కలిపితే అప్పటికే పోవాలి" అని, నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వచ్చేశాను.

కోర్టు మెట్ల కింద బెంచీ మీద ఎప్పటిలాగే ముసలాళ్ళు కర్రముక్కలు చెక్కుకుంటూ కూర్చున్నారు. ఆర్లో పెటిట్ నన్ను చూసి, "ఏం వెల్డా, పెద్ద సైలెన్సర్ ఎలా ఉన్నాడు? చిన్న సైలెన్సర్ వస్తున్నాడా లేదా?" అన్నాడు. పక్కవాడు, "తండ్రి బాగుచేస్తాడు, కొడుకు చెడగొడతాడు. వాళ్ళ ఇంటికి రెండువైపులా గిరాకీయే" అన్నాడు. అందరూ నవ్వారు. నిన్ను చిన్న సైలెన్సర్ అనడం నేను కొన్నేళ్ళుగా వింటున్నాను. మీ నాన్న కొడుకువని ముద్దుగా పిలుస్తున్నారనుకునేదాన్ని. నవ్వుతూ తల ఊపేదాన్ని కూడా. ఊరంతటికీ తెలిసిన హాస్యం, మా ఇద్దరికే తెలియదు.

ఆ రోజు కారులో కూర్చుని తలుపు గట్టిగా వేసుకున్నాను. ఏడుపు రాలేదు గేలన్, కోపం వచ్చింది. నిన్ను లా చదివించింది సైలెన్సర్లే. మీ నాన్న మంచు కురిసే రోజుల్లో చల్లటి సిమెంటు మీద వీపు ఆనించి, మొహం మీద తుప్పు రాలుతుంటే, ఒక్కొక్కటీ విప్పి ఒక్కొక్కటీ బిగించారు. ఆయన చెయ్యి పడితే అది చెడిపోవడమంటూ ఉండదని మూడు కౌంటీల్లో పేరు. ఆ పేరుకి నువ్వు బాగా విలువ కట్టావు. ఇప్పుడు నిన్ను పోషిస్తున్నవీ అవే, కాకపోతే నీ చేతికి మసి అంటదు.

నువ్వు కావాలని చేశావని నేను అనను. అసలు వాడి పేరు నువ్వు చదివి కూడా ఉండవు. కట్టలో ఒకటి, సంతకం పెట్టి పక్కన పడేసి ఉంటావు. నాకు మంటగా ఉన్నది అందుకే. ఆసుపత్రి వసారాలో నువ్వు హ్యాస్కెట్ చొక్కా పట్టుకున్నప్పుడు వాడు నీ కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు, గుర్తుందా? సిగ్గుపడ్డాడనుకున్నాను. కాదు. నీ పేరు వాడికి తెలుసు. వాడి పేరే నీకు తెలియదు.

సోమవారం నీ ఉత్తరం వచ్చింది. "వాడికి గతంలో ఒక్క వేగం కేసు కూడా లేకపోవడం మన దురదృష్టం" అని రాశావు. ఆ వాక్యం నేను మీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన, "చూశావా, వాడు అన్నీ ఆలోచిస్తాడు" అన్నారు.

ఇప్పుడు నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. కోర్టు నుంచి వచ్చిన రోజు మీ నాన్నకి అబద్ధం చెప్పాను. గుమ్మం ఎక్కకముందే, "ఏమన్నారు?" అని అడిగారు. "చిన్న చిల్లట" అన్నాను. అంతటితో అయిపోతుందనుకున్నాను.

ఆయన కళ్ళు వెలిగాయి. "ఎక్కడ? ముందు గొట్టం కలిసే చోటా, వెనకాలా?"

నాకేం తెలుసు? "వెనకాల" అన్నాను.

"వెనకాల అతుకు దగ్గరా, డబ్బా మీదా?"

"అతుకు దగ్గర."

"కొత్త మోడల్‌కి వెనకాల అతుకు ఉండదే" అన్నారు. తర్వాత నవ్వారు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. "నీకు అబద్ధం చేతకాదు వెల్డా. పెద్దదే అయి ఉంటుంది. సైలెన్సరే లేదేమో. పోనీలే, తెలిసిందిగా" అన్నారు. ఆ సాయంత్రమే రోలిన్స్‌బర్గ్ వాడికి ఫోను చేసి ఖాయం చేసేశారు. నా నోటితో నేనే ఆయన చెవులు పూర్తిగా పోగొట్టాను.

నిజం చెప్పేయొచ్చు కదా అంటావు. నీ పేరు తీసేసి మిగతాది చెప్పాలని చూశాను. నిన్న బీన్సు వలుస్తూ, "కోర్టుల్లో ఒకటి జరిగితే ఇంకొకటి రాస్తారటగా, మావిస్ అంటోంది" అని మెల్లగా మొదలుపెట్టాను. ఆయన వలవడం ఆపి, "అలా ఎలా రాస్తారు? న్యాయస్థానం అది. మన గేలన్‌ని అడుగుదాం, వాడికి తెలుస్తుంది" అన్నారు. గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను.

ప్రూయెట్‌ని కూడా కలిశాను. మర్యాదగానే కూర్చోబెట్టాడు. "చట్టంలో వీలున్నదే చేశాం రెనిక్ గారూ. మీ అబ్బాయి మీకు నాకన్నా బాగా చెబుతాడు" అన్నాడు. శిక్ష ఖాయం చేసే ముందు దెబ్బతిన్నవాళ్ళ తరఫున ఒకరు లేచి మాట్లాడవచ్చట. "నేను మాట్లాడతాను" అన్నాను. "ఏం మాట్లాడతారు?" అని అడిగాడు. "సైలెన్సర్ల గురించి" అన్నాను. వాడి మొహంలో మర్యాద కాస్త తగ్గింది.

కేసు ఎవరు చూస్తున్నారు, నేను రావాలా అని అడిగావు కదా. నేను చూస్తున్నాను. నువ్వు రావాలి.

విచారణ వచ్చే వారం శుక్రవారం. మీ నాన్నని చక్రాల కుర్చీలో ముందు వరసకి తీసుకొస్తామని రోస్కో మామ అన్నాడు. నేను లేచి, హ్యాస్కెట్ బండి సైలెన్సర్ ఏనాడూ చెడిపోలేదని చెబుతాను. చెడిపోయిందని రాసినవాళ్ళెవరో చెబుతాను. పేరు చెప్పమని నన్ను ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను. నా కొడుకు పేరు చెప్పడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇది బెదిరింపు అనుకుంటే అనుకో. నీ మీద ప్రేమ చచ్చి కాదు. కాలు పోగొట్టుకున్న మనిషి, తనది కాని తప్పు కూడా నెత్తిన వేసుకుని చేతిలో పానా కింద పెట్టేస్తుంటే, నేను గిన్నెలు కడుక్కుంటూ చూస్తూ కూర్చోలేను.

ఆయన ఆ మాట కోర్టులో నలుగురి మధ్యా నా నోట వినకూడదు. అందుకే ఈ ఉత్తరం. ఫోను చేస్తే నువ్వు లాయరులా మాట్లాడతావు, నేను తల్లిలా ఏడుస్తాను, పని జరగదు. బుధవారానికల్లా బయల్దేరి రా. షెరిల్‌ని, పిల్లల్ని తేవద్దు. వరండాలో ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నీ నోటితో నువ్వే చెప్పు. ఆ బండి చప్పుడు చేయలేదని, చేయదని, చెవులు ఎంత బాగున్నా అది వినబడేది కాదని. ఎందుకు అలా రాశావో కూడా చెప్పు. ఆయన తిడతారో, ఊరుకుంటారో, నీ పేరున్న కాగితం బైబిలులోంచి తీసేస్తారో నాకు తెలియదు. నీకు భయమేస్తే వేయనీ. నాకూ వేస్తోంది.

ఇంకా రాయాలని ఉంది గాని, టపా వేళయింది. మీ నాన్న వరండాలోంచి కేకేస్తున్నారు, "పోస్ట్‌మాన్ జీపు వస్తోందే, ఉత్తరం ఉంటే పట్టుకునిరా" అని. నాకు రోడ్డు మీద ఏమీ కనబడడం లేదు, వినబడడమూ లేదు. "పొగ గొట్టం బిగింపు వదులైంది, కొట్టుకుంటోంది. చూసి చెప్పు, నిజమేనా? నా చెవిని నేను నమ్మలేను" అంటున్నారు.

ఇప్పుడు మలుపు తిరిగింది. జీపే. కింద గొట్టం కొట్టుకుంటోంది. నిజమేనని చెప్పాను. నమ్మలేదు, చెయ్యి ఊపేశారు.

నా మాట ఆయన నమ్మరు నాయనా. నీ మాట నమ్ముతారు. నువ్వు లాయరువి కదా.

ఇట్లు,
పెద్ద సైలెన్సర్ భార్య,
నీ కన్నతల్లి
వెల్డా